మంచుకొండ దాటించిన మనిషి

అమెరికాలోని డులూత్‌లో కంటి ఆపరేషన్ చేయించుకున్న పెద్దాయనను ఆయన సవతి కూతురు కారులో ఇంటికి తీసుకెళుతోంది.

"వెర్న్, నిన్న అటక సర్దుతుంటే ఏం దొరికిందో తెలుసా? అమ్మ నిన్ను పెళ్లి చేసుకున్న కొత్తలో నువ్వు నాకు కొనిచ్చిన వీడియో గేమ్."

"చేతిలో పట్టుకుని ఆడేదా? అందులో ఓ కార్టూన్ నక్క నిధుల కోసం గుహల్లో గెంతుతుంటుంది, అదేనా?"

"అదే. మంచుకొండ దగ్గర నా నక్క ప్రతిసారీ లోయలో పడేది. నీతో మాట్లాడకూడదని నాకు పంతం కదా, నోరు మెదపకుండా తెచ్చి నీ ఒళ్లో పడేసేదాన్ని."

"అబ్బో, ఆ ముడుచుకున్న మూతి ఇంకా గుర్తుంది నాకు."

"నువ్వేమో ఇట్టే దాటించి ఇచ్చేసేవాడివి. అంత బాగా ఎలా వచ్చింది నీకు?"

"నా మొహం! ఓడరేవులో రాత్రి డ్యూటీ చేసొచ్చి, నువ్వు బడికెళ్లాక, నిద్ర మానుకుని ఆ కొండ మీదే ప్రాక్టీసు చేసేవాణ్ణి."

"నిద్ర మానుకునా? ఎందుకు?"

"నువ్వు నన్ను అడిగే సాయం అదొక్కటే కదమ్మా. అదీ చేతకాదంటే ఇంక నా దగ్గరికి రావేమోనని భయం."

ఆమె కారు రోడ్డు పక్కన ఆపేసింది.

"ఎందుకాపావు?"

"రోడ్డు సరిగ్గా కనపడటం లేదు."

"ఆపరేషన్ నాకు కదా!"

"ఊరుకో, నాన్నా."

"ఏమన్నావ్?"

"నాన్నా అన్నాను. ఇన్నేళ్లకైనా అన్నాను, విను."