రెండు బస్తాల పిండి

సమాధుల పండుగ నాటి పొద్దున, ఇచ్చోడ చర్చి వెనక గోరీల మధ్య, ఆరేళ్ల తర్వాత వచ్చిన కూతురు ఒక సిలువ ముందు ఆగిపోయింది. దాని మీద ఉన్నది తన పేరే. ఎద్దు గానుగతో మొదలుపెట్టి జిల్లాకంతా నూనె పంపే మిల్లు నిలబెట్టిన తండ్రి, ఆ గోరీ మీది ప్రమిదలో నువ్వుల నూనె పోస్తున్నాడు.

"బాపూ, నేను బతికే ఉన్న గదనే!"

"మగ్గం నేసే సాలోళ్ల పిలగానితోని దండలు మార్చుకున్ననాడే సచ్చినవు. గత్తర రోగమొచ్చి బోథ్‌ల పోయినవని అందరికి చెప్పిన."

"నమ్మిండ్రా?"

"పెట్టెకు మేకులు కొట్టి తెచ్చిన. గత్తర పీనుగను తెరిచి సూపెట్టుమని ఎవలడుగుతరు?"

"అండ్ల ఏం పెట్టినవు?"

"మన మిల్లుల నూనె తీసినంక మిగిలే గానుగ పిండి, రెండు బస్తాలు. మోసేటోళ్లకు బరువు తెల్వాలె గదా."

"ఫాదర్ సుత ఏమనలేదా?"

"గీ గుడికి గంట ఇచ్చినోన్ని. నా మాట కాదంటడా?"

"నన్ను కన్న అవ్వకైన నిజం చెప్పినవా?"

"చెప్తే నీ ఎంబడి రాదా? దినాం గీడనే కూసోని నీకోసం జపమాల చెప్పేది."

'చెప్పేది' అన్న మాట దగ్గర ఆమె తండ్రి చెయ్యి పట్టుకుంది.

"అవ్వేది బాపూ?"

"నిరుడు పోయింది. బిడ్డ పక్కన పెట్టుమన్నది."

ఆమె అటూ ఇటూ చూసింది. రెండు పక్కలా నాచు పట్టిన పాత గోరీలే.

"ఏడ పెట్టినవు?"

ఆయన ఒత్తి ఎగదోసి, నుదుటి మీద సిలువ గీసుకున్నాడు.

"పక్కన జాగ లేకుండె. గా పిండి బస్తాల మీదనే పెట్టిన."