ఆడోళ్ల మిషను

విశాఖపట్నం, 1987. ఆసుపత్రి స్కానింగ్ గదిలో జాలరిపేట పోలిరాజు, వెంట వచ్చిన బామ్మర్ది ఎల్లారావు, డాక్టర్ గౌరీశ్వరి. పోలిరాజు ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. అది తియ్యాలి. అతగాడు చొక్కా విప్పనంటున్నాడు.

“కడుపుతో ఉన్నోళ్లకి పెట్టే మిషను నాకెందుకు?”

“అరవకు బావా. ఆయాసమొచ్చెత్తాది.”

“రానీ. బయట అందరూ ఆడోళ్లే. ఒకావిడ ‘మీ ఇంటిదానికి ఎన్నో నెల?’ అనడిగినాది.”

“ఏటన్నావు?”

“నాకే అన్నాను.”

“అదేటి బావా!”

“స్కానింగు నాకే అన్నానొరే! ఆవిడ నవ్వీసి పక్కావిడికి సెప్పీసింది.”

“పోలిరాజు గారూ, గుడ్డిగా గుచ్చితే సూది ఊపిరితిత్తికి తగలొచ్చు. నీరెక్కడుందో దీంతో చూసుకుంటే ఆ భయం బాగా తగ్గుతుంది.”

“గుడ్డిగానే గుచ్చీండమ్మా. సత్తే మగోడిలాగ సత్తాను.”

“మా అక్కకి నానేటి సెప్పాల? నీళ్లు సూడకుండా వలేత్తావేటి నువ్వు?”

“వల సంగతొగ్గీ. పేటలో తెలిత్తే? పోలిరాజు సీమంతమని మేళం కట్టించెత్తారు.”

“నాను సెప్పను కదా. సొక్కా ఇప్పు. జిగట మందు రాత్తారు, సల్లగుంటాది, ఉలిక్కిపడకు. సూదప్పుడు దగ్గకు.”

“ఇయన్నీ నీకెలా తెలుసు?”

“ఎవులో... ఎవులో అన్నారు. ఈపు ఇటు తిప్పు.”

“బల్ల మీదకి వంగి కూర్చోండి. అదిగో, టీవీలో నల్లగా ఉందే, అదే నీరు.”

“అందులో ఊగతందేటమ్మా? సేపా?”

“మీ ఊపిరితిత్తి. చూడకుండా గుచ్చితే దానికే తగిలేది.”

“ఓలమ్మ! మిషను తియ్యకండి. అక్కడే ఉంచండి.”

“గుర్తు పెట్టాను. ఇప్పుడు సూది. దగ్గకండి.”

“ఎల్లారావూ, సెయ్యియ్యి.”

“ఇదిగో బావా. ఇక్కడే ఉన్నాను.”

“ఎంతసేపమ్మా?”

“అయిపోవచ్చింది... ఆఁ, అయిపోయింది. ఇదిగో, సీసాడు నీరు. మెల్లగా ఊపిరి పీల్చండి.”

“...ఎల్లారావూ! గాలాడతందిరా! పడవెక్కినట్టుందిరా!”

“ఏడవకు బావా.”

“ఎవులేడిసినారు? పేటలో మాత్రం సెప్పకు.”

“సెప్పను. ఒట్టు.”

“ఎల్లారావు గారూ, మీకెలా ఉంది? మళ్లీ నీరేమీ చేరలేదు కదా?”

“డాక్టరమ్మా...!”

“ఒరే. పోయిన నెల ఎలమంచిలి పెళ్లికని ఎల్లినావు గదరా?”

“పెళ్లి లేదు, ఏటీ లేదు బావా. ఇదే బల్ల.”

“ఏటి పుట్టింది?”

“కవలలు. రెండు సీసాలు.”