చెయ్యి లేని సిగ్నల్

మంచిర్యాల రైల్వే క్వార్టరు, 1961. పొద్దు గూకుతోంది. ఇంజను డ్రైవరు కొండల్ ఇంటి తలుపును ఊడదీసి నేలమీద పరిచి, దానిపైన చాబీ తిప్పితే నడిచే బొమ్మ రైలుకు పట్టాలు పేరుస్తున్నాడు. కాసేపట్లో ప్యాసింజరు బండి ఎక్కాలి. భార్య అనసూర్య గుమ్మం దగ్గర నిలబడి సణుగుతోంది.

"...తలుపు లేని ఇంట్ల కుక్కలు జొర్రుతయి అంటి, ఇన్నవా?"

"రేపు పెడ్త. వంతెన మీద పట్టా కుదుర్తలేదు, జర గా మూల పట్టు."

"మనుమనికి అంటివి. వాడింక పాకుతనే లేడు."

"పెద్దగైతడు గదా. చాబీ తిప్పు. మెల్లగ, స్ప్రింగు తెగుతది. తెల్లదొర దేశమిడ్సి పోతపోత ఇచ్చిన బండి, మళ్ళ దొర్కదు."

"దొర ఇచ్చినప్పుడు గీ బొమ్మ సిగ్నల్‌కు మీదికి కిందికి లేసే రేకు చెయ్యుండె. ఏమాయె?"

"ఊడవీకిన."

"ఎందుకయ్యా?"

"చీకట్ల చెయ్యి కనవడ్తదా? దీపమే కనవడ్తది. అందుకె డబ్బల దీపం పెట్టిన. ఒక దిక్కు ఎర్ర కాయిదం, ఒక దిక్కు పచ్చ కాయిదం. తిప్పితె మారుతది."

"కాయిదాలు నాతోని ఏరిపిస్తివి."

"నా చేతులకు నూనె ఉండె."

"వాహెదన్న పోయినకాంచి గిట్లనె ఉన్నవ్. కూసుంటలేవు, నిలవడ్తలేవు."

"వాహెద్ ఊసెందుకిప్పుడు? బల్లార్షకు బదిలీ ఐతె పోయిండు."

"ఎన్నేండ్లు నీ ఇంజన్ల బొగ్గేసిండు."

"బొగ్గు ఎవలైనా ఏస్తరు. సిగ్నల్ కనవడంగనె ఒకలు రంగు జెప్పాలె, ఇంకొకలు అదే మళ్ళ అనాలె. గది రూలు. గీ కొత్తాయన నోరే ఇప్పడు."

"ముందుగాల ఎవలు జెప్తుండె? నువ్వా, వాహెదన్ననా?"

"ఎవలైతేంది. బండి ఇడ్సు."

"ఇడ్సిన. అగో, సిగ్నల్ కాడ్నె ఆగింది."

"స్ప్రింగు అక్కడికే ఒడుస్తది."

"మంచి బండి. ఎరుపు జూడకున్నా ఆగుతది."

"ఏమన్నవ్?"

"ఏమన్లే. బువ్వ తిను. ధర్మపురి జాతర నుంచి మళ్ళేటోళ్ళతోని ఇయ్యాల బండి కిటకిటలాడ్తదట."

"తెలుసు. నేను అటు తిరుగుత, నువ్వు డబ్బ తిప్పు. ఏ దిక్కు పెట్టినవో జెప్పకు."

"గీ పిల్లలాట ఏందయ్యా, డ్యూటీ యాళ్ళైతుంటె."

"తిప్పు, అనసూర్యా. నీకు దండం పెడ్త."

"సరే... ఇటు తిరుగు."

"ఎరుపు."

"ఊ."

"ఎరుపేనా?"

"ఎరుపే. మళ్ళ అటు తిరుగు."

"తిప్పినవా?"

"ఇగ జూడు."

"పచ్చ."

"మంచిగ జూసి జెప్పు."

"జూసే జెప్తున్న. పచ్చ. ఇంక ఫికర్ లేదు. వాహెద్ లేకున్నా నడిపిస్త. గా సంచి అందియ్యి, పోయొస్త."

"సంచి ఇయ్యను."

"ఎందుకే?"

"రెండోసారి నేను డబ్బను ముట్టనే లే."