ముందు పాదం తాకి చూసే డాక్టరు

సభకు వచ్చిన పెద్దలకు, డాక్టరు గారి ఇల్లాలు మహిమమ్మ గారికి, చర్ల వైపు ఊళ్ల నుంచి జీపులెక్కి వచ్చిన అన్నలకు, అక్కలకు నమస్కారం.

మన డాక్టర్ జకర్యా గారు పోయిన ఆదివారం గుండెపోటుతో మనల్ని విడిచి వెళ్లారు. ఎమర్జెన్సీ వార్డులో ఆయన దగ్గర నర్సుగా పనిచేసిన హైమను నేను. నాకు ఉపన్యాసాలు రావు. కళ్లారా చూసింది చెబుతాను.

రెండువేల నాలుగు వానాకాలం. ట్రాక్టరు బోల్తా పడి ఇద్దరిని తెచ్చారు. ఒకాయన చెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది, కేకలు పెడుతున్నాడు. అందరం అతని చుట్టూ మూగాం. డాక్టరు గారు ఆ గాయాన్ని చూసి, గుడ్డ గట్టిగా అదిమిపట్టమని నాకు చెప్పి, మూలన చప్పుడు లేకుండా పడుకున్న సమ్మయ్య దగ్గరికి వెళ్లారు. సమ్మయ్య కాలి మీద గీత కూడా పడలేదు. మోకాలి కింద వంకర తిరిగింది, అంతే. డాక్టరు గారు ఆ పాదం పట్టుకున్నారు. చల్లగా ఉంది. నాడి అందలేదు.

"సిస్టరూ, అరిచేటాయనకు రక్తం ఆగింది. ఈయన పాదానికి రక్తమే అందుతలేదు, జల్దీ రా" అన్నారు.

నొప్పికి మందిచ్చి, కాలు మెల్లగా లాగి సాపు చేసి, చెక్కలు కట్టారు. మళ్లీ పాదం మీద వేళ్లు ఆనించి కళ్లు మూసుకున్నారు. చివరికి "కొట్టుకుంటుంది" అన్నారు. ఆ కాలితోనే సమ్మయ్య ఇవాళ ఈ సభకు నడిచి వచ్చాడు.

మన ముత్తక్క సంగతి చెప్పనా? తునికాకు కోస్తుంటే ఎలుగుబంటి చెయ్యి చీరేసింది. నరాలు తెగాయో లేదో తెలియాలంటే వేళ్లు ఆడించి చూపాలి. "వేళ్లు ఆడించు" అనే మాటను డాక్టరు గారు కోయ భాషలో నేర్చుకున్నారు. నేర్చుకున్నారు గానీ, తప్పుగా పలికారు. అంత నొప్పిలోనూ ముత్తక్క నవ్వింది. "గట్ల కాదు సారూ" అని సరిగ్గా పలికి, చేసి చూపించింది. నాలుగు వేళ్లు ఆడాయి, చిటికెన వేలు ఆడలేదు. ఆ తెగిన నరం కోసం ఆ పూటే ఆమెను పెద్ద దవాఖానాకు పంపారు. తర్వాత ఎన్నేళ్లయినా ఆయన ఆ మాట సరిగ్గా పలకలేదు. కావాలనే అనేవారేమో అని నా అనుమానం.

అందరినీ కాపాడగలిగారా? లేదు. సీతయ్య కాలు విరిగితే ఊళ్లో వెదురుబద్దలతో బిగించి కట్టారు. వాగు దాటించి తెచ్చేసరికి వేళ్లు నల్లబడ్డాయి. డాక్టరు గారు అతని మంచం మీద కూర్చుని, "ప్రాణం నిలవాలంటే కాలు తీయాలె సీతయ్యా. నాకూ మనసొప్పుతలేదు" అన్నారు. ఆ మాట సీతయ్య భార్య పూలికి కూడా ఆయనే చెప్పారు. కాలు తీశాక చేతులు కడుక్కునే చోట చాలాసేపు నిలబడిపోయారు. నీళ్లు పోతూనే ఉన్నాయి.

ఆ ఏడాది నుంచి ప్రతి సెలవు రోజూ ఊళ్లకు వెళ్లారు. ఎవరినీ తప్పుపట్టలేదు. "కట్టు కట్టుండ్రి, కట్టినంక వేళ్లు చూడుండ్రి. చల్లబడితే జెర వదులు చేసి తీసుకరాండ్రి" అని చెప్పేవారు. ఆయన వెంట ఊరూరా వచ్చింది ఎవరనుకున్నారు? సీతయ్యే. రేపటి నుంచి ఒక్కడినే తిరుగుతానని పొద్దున నాతో అన్నాడు. ఒక్కడినే ఎందుకు పంపుతాం? మేమూ వెళ్తాం.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. కట్లతో వచ్చినవాళ్లు, కర్రల మీద వచ్చినవాళ్లు కూర్చునే ఉండండి. ఆయనే ఉంటే మీ భుజం నొక్కి కూర్చోబెట్టేవారు. కాసేపు మాటలాపి, మన డాక్టరు గారిని తలుచుకుందాం.