మెంబరు చెంగల్రాయుడి పళ్ళెం

రా పాపా, ఆ చెప్పులు నీడలో విడువు, ఎండకు కాల్తాయి. మా నాయన ఫోటో కావాలని గదా వచ్చినావు? ఫోన్లో చెప్పినావులే, నాకు సగమే వినబడింది. మీ కాలేజీ గోడకు మొదటి బోర్డు మెంబర్ల పటాలు తగిలిస్తా ఉండారు, ఒక్కొక్కరి కింద నాలుగు మాటలు రాస్తా ఉండారు, మా నాయన కింద రాయడానికి మాత్రం ఏమీ దొరకలేదు, అంతేనా? "చెంగల్రాయుడు, రైతు" అని రాసి ఆడికి నిలిపేసినారంట. ఆమా, అవునులే, ఎట్ల దొరుకుతాయి? చైర్మను వకీలు. ఇంకొకాయన తిరువళ్ళూరులో డాక్టరు. ఇంకొకాయన అరక్కోణంలో రైల్వే ఇంజనీరుగా చేసి రిటైరైనోడు. మా నాయన ఏం చేసినాడు? పాలిటెక్నిక్ కట్టాలంటే తిరుత్తణి రోడ్డు పక్కనుండే మా మెట్ట చేను ఇచ్చినాడు, దానికి మెంబరును చేసినారు. రాసుకో, రాసుకో. ఏందది, తెలుగు మాటల్ని అరవ అక్షరాల్లో రాస్తా ఉండావా? పరవాలేదులే, చదివేటప్పుడు తెలుగే గదా వస్తాది. మీ తాత కూడా అంతే, నా చిన్నాయన కొడుకు, నాతోనే బళ్ళో చేరినాడు, తెలుగు అయ్యవారు కొట్టినాడని అరవం క్లాసులోకి పోయి కూర్చున్నాడు. సరే, అది వేరే కత.

ఏం చెప్తా ఉంటి? ఆ, మెంబరు. ఆయన పోయి శానా కాలమాయె, ఇప్పటికీ మన పక్క పెద్దోళ్ళు ఆయన్ని మెంబరు అనే అంటారు. మీటింగు ఉందంటే చాలు, పొద్దున్నే తలకు పోసుకుంటాడు, విబూది పెట్టుకుంటాడు, చలవ చేసిన పంచె కట్టుకుంటాడు, మొదటి బస్సుకే పోయి వాచ్‌మన్ గేటు తీసేదాకా బయట నిలబడతాడు. మీటింగు రూము ముందర చెప్పులు విడిచి లోపలికి పోతాడు. అందరూ కూర్చొని ఊరి బిడ్డల చదువు మాట్లాడుకునే చోటికి చెప్పులేసుకొని ఎట్ల పోతామని. ఆయన్ని చూసి డాక్టరుకు మొగమాటమై ఆయనా విడిచినాడంట. ఆ రైల్వే ఇంజనీరైతే బూట్లు విప్పలేక శానా అవస్థ పడినాడంట. పోనుపోను ఆ చెప్పుల వరస చూసి, లోపల పూజ జరగతా ఉందేమో అనుకునేవాళ్ళంట పిల్లోళ్ళు. లోపల మాటలన్నీ ఇంగ్లీషులోనే. ప్రిన్సిపాలు మురళీధరన్ సారు పక్కన కూర్చొని, జరిగింది జరిగినట్టు మా నాయనకు అరవంలో చెప్పేవాడు. శానా మంచి మనిషి. ఆయన భార్య చేసే మోరు కొళంబు, మజ్జిగ పులుసు, ఉండాదే, అట్లాంటిది మళ్ళీ నేను యాడా తినలేదు.

ఒకనాడు మీటింగులో సీట్ల మాట వచ్చింది. కాలేజీలో ఎలక్ట్రానిక్స్ అని కొత్తగా పెట్టి ఉండారు. దాంట్లో కొన్ని సీట్లు ఆడపిల్లోళ్ళకని ఉంచినారు. ఒక్కరు గూడా రాలేదు. ఆ యేడు గూడా రాకపోతే ఆ చదువునే ఎత్తేస్తారంట. ఏం చేద్దామని వీళ్ళంతా తల పట్టుకోని ఉండారు. మా నాయన అడిగినాడు, ఇంతకీ మీరు వాళ్ళని పిలిచింది ఎట్ల అని. పేపర్లో వేసినామయ్యా అన్నాడు చైర్మను. మా నాయన అన్నాడంట, "పేపర్లో వేసేది సావు కబురయ్యా. ఆడబిడ్డను పిలవాలంటే ఇంటికి పోవాల, వక్కాకు పెట్టి పిలవాల. నేను పోయి పిలుచుకోని వస్తాను." చైర్మను నవ్వి "పాక్కలాం, పాక్కలాం" అన్నాడంట, చూద్దాంలే అన్నట్టు. మా నాయన మాత్రం మాటిచ్చేసినాననే అనుకున్నాడు.

మన పక్క పళ్ళెం సంగతి నీకు తెలుసా? మీ కాలానికి తెలీదులే. వక్కాకు, పసుపు, కుంకుమ, అరటిపండ్లు, పూలు పెట్టి పళ్ళెం ఎత్తుకోని ఒకరింటికి పోతే, పోయినోళ్ళు వెంటనే విషయం చెప్పరు. ఇంటోళ్ళూ ఎందుకు వచ్చినారని అడగరు. మజ్జిగ తాగాల, వాన గురించి మాట్లాడాల, ఆవు ఈనిందా అని అడగాల. పళ్ళెం వాళ్ళు తీసుకోని లోపల పెట్టినారంటే ఒప్పుకున్నట్టు. ఆ పళ్ళెం ఇంగ వాళ్ళింట్లోనే ఉంటాది. ఖాళీ పళ్ళెం తిరిగొచ్చిందంటే వద్దన్నట్టు. ఎప్పుడైనా నిండుగా తిరిగొస్తే, వాళ్ళ పక్కనుంచి ఇంకొక మాట ఉండాదని. అంతే, నోరు తెరిచే పనే లేదు.

పక్కూర్లో రత్నస్వామి అని, మాకు వరసకు బావ అవుతాడు, మా నాయనకు. ఆయన కూతురు వరదమ్మ. పదో క్లాసు పాసై ఇంట్లో ఉండాది. మా నాయన మా యమ్మను పిలుచుకొని, ఇంట్లో ఉండే పెద్ద ఇత్తడి పళ్ళెం చింతపండుతో తోమించి, మొదట ఆ ఇంటికే పోయినాడు. ఆయన తిన్నె మీద కూర్చునేలోపలే రత్నస్వామి ఎదురొచ్చి పళ్ళెం రెండు చేతులా అందుకొని, కండ్లకు అద్దుకొని, దేవుని గూట్లో పెట్టేసినాడంట. మా యమ్మ నోరు తెరిచేలోపల ఆయన పెండ్లాము బొట్టు పెట్టి, తల్లో పూలు పెట్టి, లోపలికి పిలుచుకోని పోయింది. మా నాయనకు సంతోషం పట్టలేదు. దారంతా అదే మాట, చూసినావా తాయమ్మా, మన బావకు చదువంటే ఎంత ఇదో, చెప్పకుండానే అర్థం చేసుకున్నాడని. మా యమ్మ అడిగింది, నువ్వు కాలేజీ మాటే ఎత్తలేదే అని. ఎత్తేదేముండాది, నేను మెంబరని ఊరూరా తెలుసు, నేను పళ్ళెం ఎత్తుకోని పోతే ఇంగ దేనికి పోతాననుకుంటారు అన్నాడంట.

ఇంట్లో ఎద్దు మాదిరి ఒక కొడుకు పెండ్లికి ఉండాడనే సంగతే మరిచిపోయినాడు పాపా. నేనే ఆ ఎద్దును.

రెండు దినాలకు రత్నస్వామి, ఆయన తమ్ముడు, ఆడోళ్ళు, అందరూ బండి కట్టుకోని వచ్చేసినారు. వచ్చినోళ్ళు వచ్చినట్టే వంటిల్లు చూస్తా ఉండారు, బావిలో నీళ్ళు చూస్తా ఉండారు, సుందరరాజ్ యాడ, పిల్లోడు యాడ అంటా ఉండారు. నేను నారుమడిలో మోకాళ్ళ దాకా బురదలో ఉండాను. మా యమ్మ పరిగెత్తుకోని వచ్చి విషయం చెప్పింది. నీకు ఉన్నది ఉన్నట్టు చెప్తాను, నాకు ఆకాశంలో పోయినట్టుండె. ఆ వరదమ్మను నేను ముందే చూసి ఉండాను. ఆడి కృత్తికకు వాళ్ళ నాయన కావడి ఎత్తుకోని కొండకు పోతా ఉంటే, బస్సు స్టాపులో ఆపకుండా ముందుకు పోయి ఆపినాడని ఈ పాప కండక్టరును నిలబెట్టి అడగతా ఉండె. ఆ పొద్దు నుంచీ నాకు ఆ పాపే జ్ఞాపకం. ఇప్పుడు ఇంటికొచ్చి పిల్లోడు యాడ అంటా ఉంటే ఎట్లుంటాది? బురద కడుక్కొని, ఉండే తెల్ల చొక్కా వేసుకొని వచ్చి తలుపు దగ్గర నిలబడినాను.

మా నాయన తిన్నె మీద కూర్చోని ఉండాడు. నన్ను చూసినాడు. రత్నస్వామిని చూసినాడు. అప్పటికి ఆయనకు అంతా అర్థమైపోయింది. నోరు మూసుకోని ఉంటే మంచి కోడలు, మంచి సంబంధం, అడగకుండా ఇంటికొచ్చింది. కానీ కాలేజీలో చెప్పిన మాట? ఇంగ ఏ ఇంటికి పళ్ళెం ఎత్తుకోని పోయినా కొడుక్కే అనుకుంటారు. ఉండేది నేనొక్కణ్ణే. ఆడపిల్లోళ్ళు ఎవురూ రారు, ఆ చదువు పోతాది. నాకు తెలుసు పాపా, ఆయన మొగంలో అదంతా నాకు కనపడతా ఉంది. వద్దు నాయనా, చెప్పొద్దు, అని నేను కండ్లతోనే అంటా ఉండాను. ఆయన లేచి, పైగుడ్డ తీసి చేతిలో పట్టుకొని అన్నాడు, "బావా, ఆ పళ్ళెం నేను నా కొడుక్కోసరం తేలేదు. కాలేజీకోసరం తెచ్చినాను. పాపను చదువుకు పంపమని అడగను వచ్చినాను."

రత్నస్వామి తమ్ముడు లేచినాడు, మా బిడ్డలో ఏం తప్పు కనపడిందని వద్దంటా ఉండావని. వాళ్ళ ఆడోళ్ళు ఏడుపు మొగం పెట్టినారు. ఎందుకంటే పళ్ళెం వెనక్కి పోయిందంటే ఆ పాపకు చెడ్డ పేరు గదా, ఇంగొకరు అడగను రారు. మా నాయన అన్నాడు, "వద్దనలేదు. పెట్టిన పళ్ళెం నేను వెనక్కి తీసుకోను. కాలేజీ నాదే, కొడుకూ నావాడే. రెండిట్లో ఏది ముందో పాపను అడగండి." పాపను అడిగేదా? ఆ కాలంలో అట్లాంటి మాట ఎవురూ విననే లేదు. వాళ్ళు మంచినీళ్ళు గూడా ముట్టుకోకుండా బండెక్కి పోయినారు. మా యమ్మ ఆ దినమంతా మా నాయనను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. నేనైతే ఆయనతో మాటే మానేసినాను. అవును, శానా కోపం. ఆయన ఎదురొస్తే నేను దొడ్లోకి పోయేవాణ్ణి.

తర్వాత బస్సు స్టాపులో ఆ పాపే మా నాయనను నిలబెట్టింది. కండక్టరును నిలబెట్టినట్టే. "మామా, కాలేజీ ముందు. ఇంకొకటి కాచుకోని ఉంటానంటే కాచుకోని ఉండమను" అనింది. ఆ ఇంకొకటి నేనే. మా నాయన ఇంటికొచ్చి ఆ మాట ఉండేదున్నట్టు చెప్పినాడు. నేను గోడ తట్టు తిరిగి, సరే ఉంటానని చెప్పినాను. ఇంగేం చెప్పేది?

రత్నస్వామి మాత్రం ఊరక ఒప్పుకోలేదు. మీ పళ్ళెం మా గూట్లో ఉండాది, అంటే మా బిడ్డ మీ ఇంటి బిడ్డ, మీ ఇంటి పెద్ద పిలుచుకోని పోవాల, పిలుచుకోని రావాల అన్నాడు. మా నాయన ఆ చదువు ముగిసేదాకా, మూడేండ్లు, దినమూ అదే బస్సులో పోయినాడు. డ్రైవరు వెనక సీటు ఆయనది. పొద్దున దింపి మళ్ళీ వచ్చేదెందుకని సాయంత్రం దాకా కాలేజీ వరండాలోనే కూర్చునేవాడు. గవర్నింగు బోర్డు మెంబరు దినమూ వచ్చి వరండాలో కూర్చునేది యాడన్నా చూసినావా? లెక్చరర్లు ఈయన చూస్తా ఉండాడని బెల్లుకు ముందే క్లాసుకు పోయేవాళ్ళంట. ఆయన ఎవురినీ చూడలేదు పాపా, సగంసేపు నిద్రే. కానీ మెంబరు కూడా పోతా ఉండాడు అనే ధైర్యంతో ఆ బస్సు పోయే ఊర్లలో ఒకరు, ఇంకొకరు, వాళ్ళ ఆడపిల్లోళ్ళను పంపినారు. ఈయన మళ్ళా పళ్ళేలు ఎత్తుకోని పోయినాడులే. ఈసారి మా యమ్మ బాగా నేర్పించి పంపింది. గేటు దగ్గర చెప్పులు విడవకముందే, ఇది కాలేజీ పళ్ళెం, కాలేజీ పళ్ళెం అని కేకేసేవాడు.

నన్ను ఆ బస్సు ఎక్కనీలేదు. పెండ్లికి ముందు ఒకే బస్సులో ఏంది అని. నాకు తిరుత్తణిలో ఏ పనున్నా సైకిలే. నేను తొక్కతా ఉంటే ఆ బస్సు నన్ను దాటుకోని పోతాది, లోపలుండే ఆడపిల్లోళ్ళంతా నవ్వతారు. వరదమ్మ మాత్రం తిరిగి గూడా చూసేది లేదు. ఇప్పుడడిగితే, డ్రైవరు అద్దంలో చూస్తానే ఉంటినే అంటాది. నిజమో అబద్దమో తిరుత్తణి సుబ్రమణ్యస్వామికే తెలియాల.

రిజల్టు వచ్చిన వారం లోపల మీటింగు. మురళీధరన్ సారు తర్వాత నాకు చెప్పినాడు ఇది. అందరూ కూర్చోని ఏందో ఇంగ్లీషులో మాట్లాడతా ఉండారు. తలుపు తీసుకోని వరదమ్మ లోపలికి వచ్చింది. చెప్పులు బయట వరసలో విడిచే వచ్చింది. చేతిలో మా ఇత్తడి పళ్ళెం, తళతళా తోమి, వక్కాకు, పండ్లు, పూలు అన్నీ నిండుగా పెట్టి. మీటింగు జరగతా ఉందమ్మా అని సారు అనబోతే, చైర్మను చెయ్యెత్తి ఆపినాడంట. నేరుగా మా నాయన ముందర పెట్టింది. "మామా, మీరు పిలిస్తే వచ్చినాను. ఇప్పుడు నేను పిలవను వచ్చినాను. కాచుకోని ఉండాడా?" అనింది. మా నాయన పైగుడ్డ మొగానికి అడ్డం పెట్టుకొని తల ఊపతా ఉండాడంట. చైర్మనే జవాబు చెప్పినాడు, "ఉండాడమ్మా, సైకిలు తొక్కి తొక్కి సగమైనాడు" అని, అచ్చమైన తెలుగులో. అన్నాళ్ళూ ఆయనకు తెలుగు వచ్చనే సంగతి మా నాయనకు తెలీదు. పళ్ళెంలో వక్కాకు మొదట తీసుకునింది ఆయనే.

అదీ మా పెండ్లి సంగతి. వరదమ్మ తిరువళ్ళూరు కరెంటాఫీసులో పని చేసి రిటైరైంది, ఇప్పుడు మా నాయన సీట్లో మెంబరు. నీకు తెలుసుగదా, మీటింగులో నీమీద కూడా కేకలేసిందంట. బాధపడబాక, నామీద దినమూ వేస్తాది. ఇప్పుడు మళ్ళీ సీట్లు ఖాళీ అంటా ఉండారు. ఉండేవాళ్ళంతా వ్యాన్లెక్కి మద్రాసు పక్కుండే కాలేజీలకు పోతా ఉండారు. అందుకని ఈ యమ్మ జూన్ వస్తే పళ్ళెం ఎత్తుకుంటాది. వాట్సప్పులో పెట్టినాము గదా మేడం అన్నారంట మీ ఆఫీసులో. అది సావు కబురని ఈయమ్మ అనిందంట. ఇంట్లో స్టీలు పళ్ళేలన్నీ ఊర్లలోకి పోయినాయి. నేను ఆకులో తింటా ఉండాను.

ఊత్తుకోట రోడ్డులో ఇటుకల బట్టీ ఉండాదే, దాని పక్కన గుడిసెల్లో ఒక పాప, మంజు అని. ఆ ఇండ్లలో పదో క్లాసు పాసైన మొదటి ఆడబిడ్డ. వాళ్ళ నాయన పంపనంటా ఉండాడు. పోయిన వారం ఈ యమ్మ తీసుకోని పోయిన పళ్ళెం ఖాళీగా తిరిగొచ్చింది. రెండు దినాలు సరిగ్గా అన్నం తినలేదు. ఇయ్యాల పొద్దున దేవుని గూట్లో ఉండే మా నాయన ఇత్తడి పళ్ళెమే తీసి, తోమి, ఎత్తుకోని పోయింది. అది ఇన్నేండ్లలో గడప దాటలేదు పాపా.

బస్సు హారన్ మాదిరి ఉండాదే. ఆమా, మన స్టాపే. నా కంటికి దూరం ఆనదు, నువ్వు చూడు. నీలం చీర, పెద్ద కుంకుమ బొట్టు. దిగిందా? చేతిలో పళ్ళెం ఉండాదా? బాగా చూడు, సంచిలో పెట్టుకోని ఉంటాది. లేదా? రెండు చేతులూ ఖాళీనే?

సరే. పళ్ళెం వాళ్ళింట్లోనే నిలిచింది. లోపల పాలు ఉండాయి, పోయి కాఫీ పెట్టు పాపా. ఆమెకు చక్కెర తక్కువ.