పొగ లేని నాలుగు రోజులు

గోదావరిఖనిలో మే నెల సాయంత్రం. గల్లీ చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే ముసలామె బొగ్గుల పొయ్యి అంటించి, పొగ పోయేదాకా వాకిట్లో పెట్టింది. పక్కింటి అమ్మాయి ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకొని వచ్చింది.

"ఇంట్ల గ్యాసు పెట్టుకొని ఇంకా గీ బొగ్గుల పొయ్యేందవ్వా?"

"పొగ పోయినంక లోపటికి తీస్కపోత, బిడ్డా."

"పొగ యాడికి పోతది? మా ఇంట్లకే వస్తది. గీ బొగ్గు పొగతోనే భూమి వేడెక్కుతుందని కాలేజీల చెప్తున్నరు. ఏడాదికేడాది ఎండలెట్ల ముదురుతున్నయో చూస్తలేవా?"

"చూడక? నిరుడు మా ముసలాయన వడదెబ్బతోనే పాయె."

"తెలిసి గూడ ఎందుకంటిస్తవ్ మరి? గ్యాసు మీద రెండు నిమిషాల్ల చాయ్ అయితది."

"అయితది. మొన్న నాలుగు రోజులు గ్యాసే అంటిచ్చిన. నాలుగు రోజులు ఒక్కలు గూడ నా వాకిట్లకు రాలే. ఇయ్యాల పొయ్యి అంటిచ్చిన, కొట్లాడెతందుకన్నా నువ్వొచ్చినవ్."

అమ్మాయి చున్నీ దించింది.

"పొయ్యి ఆర్పెయ్యవ్వా. రేపు పొగ లేకున్నా వస్త."

"గ్యాసు ఇచ్చినోళ్లు గూడ మల్లొస్తమనే పోయిండ్రు, బిడ్డా."