ట్యాంకరు ఎక్కని పడమటి వాలు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా జనరల్ మేనేజర్ హరినాథ్ గారికి, ముందు వరుసలో అప్పుడే గడియారం చూసుకుంటున్న పెద్దలకు, భోజనాల వాసన వస్తున్నా లేవకుండా ఓపిక పట్టిన మిత్రులకు, నా కోసం కుందుర్పి నుంచి బస్సెక్కి వచ్చిన రైతు కొండప్పన్నకు నమస్కారం.

నా గురించి ఇంతసేపు ఇంత బాగా మాట్లాడారు. ఇందులో పదోవంతు నేను ఉద్యోగంలో ఉండగా మాట్లాడి ఉంటే బాగుండేది. (నవ్వులు) జయంతీ, నువ్వు కూడా నవ్వు. రేపటి నుంచి మన విభాగంలో జియాలజిస్టువి నువ్వొక్కదానివే, మళ్లీ తీరిక దొరకదు.

హరినాథ్ గారు ఇందాక శాలువా కప్పుతూ ఒక మాట సెలవిచ్చారు. బూడిదగుట్టలో బంగారం లేదని తేలిపోయిందట, వచ్చే నెల అక్కడి అన్వేషణ లైసెన్సు వదిలేస్తారట. ఎవరు తేల్చారండీ? ట్యాంకరు తేల్చింది.

కొత్తవాళ్లకు చెప్తాను. రాయిని తొలిచే రిగ్గుకు నీళ్లు కావాలి. ట్యాంకరు ఎక్కే బాట గుట్టకు తూర్పున మాత్రమే ఉంది. అందుకని రిగ్గును ప్రతిసారీ తూర్పునే నిలబెట్టి, పడమటికి ఏటవాలుగా తొలిచాం. బంగారం ఉండేది పలుగురాతి చారల్లో. ఆ చారలు లోపలికి పోయేకొద్దీ తూర్పుకు వాలతాయని మొదటి పటంలో ఎవరో మహానుభావుడు గీశాడు. ఆ గీత ట్యాంకరు బాటకు చక్కగా సరిపోయింది, ఇక దాన్ని అనుమానించే బుద్ధి ఎవరికి పుడుతుంది? పెన్సిళ్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి, పటానికి రంగులు కూడా వేశారు, గీత మాత్రం అదే!

కిందటేడు నేనూ జయంతీ షెడ్డులో దుమ్ము పట్టిన పాత రాతికడ్డీలు, అంటే బోరులోంచి తీసినవి, మళ్లీ కడిగి చూశాం. బోరు చారను అడ్డంగా కోసి ఉంటే కడ్డీ మీద తెల్ల పట్టీ అడ్డంగా కనిపించాలి. మాకు నిలువునా, కడ్డీ పొడవునా కనిపించింది. ఒకదాంట్లో కాదు, పెట్టె తరవాత పెట్టెలో. అంటే చార వాలింది పడమటికి, మన బోరు వాలిందీ పడమటికే. రెండూ పక్కపక్కనే దిగిపోయాయి. ఎక్కడో అంచు గీరుకుంటే "కొంచెం ఉంది, చాలదు" అని రాసి చేతులు దులుపుకున్నాం.

పడమటి వాలు మీద నిలబడి తూర్పుకు ఒక్క బోరు వేయనివ్వండి అని మీటింగులో అడిగాను. హరినాథ్ గారు, "ఏమ్మా హేమలతా, రిటైరయ్యే ముందర గుట్టనే తిప్పేస్తాండావా?" అన్నారు. ఈ హాల్లో ఉన్నవాళ్లే పగలబడి నవ్వారు. ఆ రోజు ఒళ్లు మండింది నాకు, ఇప్పటికీ మండుతోంది. గుట్టను నేను తిప్పలేదు సార్, మీ పటమే తిరగబడి ఉంది.

(వేదిక మీద నుంచి హరినాథ్ గారు: "ఆ పక్కకు నీళ్లు యాడనుంచి తెస్తావమ్మా?")

అడిగారు, సంతోషం. కొండప్పన్నా, ఒకసారి లేచి చెప్పు. ఆయన పొలం ఆ వాలు కిందనే.

(కొండప్ప: "మా పొలం బోరులో ఇంచు నీళ్లు వస్తాండాయి సార్. చీనీ తోటకు చాల్లేదని చెట్లు కొట్టేసినా. పైపేసుకోని మీరు వాడుకోండప్పా. బంగారం ఉండాదో లేదో తేల్చి చెప్తే, భూమి ఉంటాదో పోతాదో తెలుస్తాది, వానలు పడినాక మళ్లా చెట్లు పెట్టుకోవాల్నా వద్దా అని మేమూ చూసుకుంటాం.")

బత్తాయి చెట్లు నరుక్కున్న మనిషి నీళ్లిస్తానంటున్నాడు, మనం బాట లేదంటున్నాం. సిగ్గనిపించడం లేదూ?

(హరినాథ్ గారు: "సరేలేమ్మా, ఒక్క బోరు. బంగారం పడకపోతే?")

పడకపోతే తప్పు హేమలతదని రాయండి, రిటైరైనదాన్ని బదిలీ కూడా చేయలేరు. పడితే మీ పేరు రాసుకోండి, ఎట్లాగూ రాసుకుంటారు. (నవ్వులు) ఇంతమంది ముందర మాటిచ్చారు, నాకది చాలు.

కానీ ఆ కడ్డీ బయటికొచ్చే రోజు దాన్ని కడిగి చూసే చేతులు నావి కావు. ముప్పై ఏళ్లు తూర్పున నిలబడ్డప్పుడు నన్నెవరూ ఆపలేదు. పడమట రిగ్గు నిలబడే రోజున మాత్రం గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను పాసు అడుగుతాడు. జయంతీ, నీళ్లు బాగా పోసి చూడమ్మా. అందరికీ కృతజ్ఞతలు, ఇక సెలవు.